మెనూలో 92, జేబులోంచి 132: మావయ్యగారి లెక్క ఎక్కడ తప్పింది?

డాలస్ దగ్గర ఉంటున్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. రెండేళ్ల క్రితం తెనాలి నుంచి వచ్చిన అత్తమామలతో, భర్తతో, ఇద్దరు పిల్లలతో కలిసి ఆమె గాల్వెస్టన్‌లో క్రూయిజ్ ఎక్కారు. ఏడు రాత్రుల ప్రయాణం. కోజుమెల్, గ్రాండ్ కేమన్, జమైకాలోని ఫాల్మత్ చూసి తిరిగి రావడం. గ్రాండ్ కేమన్‌లో దిగిన రోజు మధ్యాహ్నం, జార్జ్‌టౌన్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ఒక హోటల్లో భోజనానికి కూర్చున్నారు. మావయ్యగారు మెనూ చూస్తూ మనసులోనే కూడుకున్నారు. పెద్దవాళ్లకి నాలుగు ప్లేట్లు, ఒక్కోటి 16. పిల్లలకి రెండు, ఒక్కోటి 8. కూల్‌డ్రింకులు నాలుగు, ఒక్కోటి 3. మొత్తం 92. తీరా బిల్లు 105.80 వచ్చింది. "ఈ పూట నాది" అని ఆయన ఏడు ఇరవై డాలర్ల నోట్లు, అంటే 140 పెట్టారు. 34.20 తిరిగి రావాలి కదా. వచ్చింది 6.20. అవీ ఎన్నడూ చూడని నోట్లు, తాబేలు బొమ్మ ఉన్న రెండు నాణేలు.

ఆయన సర్వర్‌ని పిలిచి నిలదీశారు. ఆ అమ్మాయి ఏదో చెప్పింది, యాస అర్థం కాలేదు. కొడుకు అందరి ముందూ "పరువు తీయకండి నాన్నా, లేవండి" అన్నారు. ఆ రోజు మొదలు ఆ దీవి పేరెత్తితే మావయ్యగారిది ఒకటే మాట: "28 డాలర్లు దోచుకున్నారు. నా కొడుకు వాళ్ల పక్షానే నిలబడ్డాడు."

ఈ డిసెంబరులో మళ్లీ అదే దారిలో ప్రయాణం. దిగితే పులిహోర కట్టుకునే దిగుతానని మావయ్యగారు పట్టుబట్టారు. ఓడలో తిండికి ముందే డబ్బు కట్టాం, బయట పైసా ఖర్చు పెట్టేది లేదని భర్త. "ఆ ఊరి తిండి ఏదైనా ఒక్కటి రుచి చూడాలనుందమ్మా" అని అత్తయ్యగారు ఈమె చెవిలో వేశారు. పెద్దవాళ్లిద్దరూ గుడ్డు కూడా ముట్టని శాకాహారులు. పైగా ఈసారి ఇండియా నుంచి తన కార్డు తెచ్చుకుని దానితోనే కడతానని మావయ్యగారు అంటున్నారు. పోయినసారి జరిగింది మోసమేనా, ఈసారి భోజనం సంగతి ఎలా నడపాలి, తండ్రీకొడుకుల మధ్య నలగకుండా బయటపడేదెలా అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, ముందు మీ మావయ్యగారి కూడిక గురించి చెప్పాలి. ఆయన లెక్కలో ఒక్క పైసా తప్పు లేదు. 92 సరే, 34.20 కూడా సరే. తేడా వచ్చింది అంకెల్లో కాదు, ఆ అంకెల పక్కన ఉన్న డాలరులో. గ్రాండ్ కేమన్ ఉన్న కేమన్ దీవులకి (కేమన్ ఐలాండ్స్) సొంత డాలరు ఉంది. ఆ ఇంగ్లిషు పేరులోని మొదటి అక్షరాలతో అక్కడివాళ్లు దాన్ని సీఐ డాలరు అంటారు. 1972లో జమైకా డాలరు స్థానంలో వచ్చింది. 1974 నుంచి దాని విలువను అమెరికా డాలరుకి కట్టేశారు: ఒక సీఐ డాలరుకి 1.20 అమెరికా డాలర్లు. విదేశీ డాలరంటే అమెరికా డాలరు కన్నా చిన్నదే అయి ఉంటుందని మనకొక అలవాటు. ఇక్కడ అది తలకిందులు.

ఇది అధికారిక విలువ. దుకాణంలో, హోటల్లో అమెరికా నోటు ఇస్తే దాన్ని 80 సీఐ సెంట్లుగా లెక్కగడతారు. అంటే సీఐ డాలరు 1.25 అవుతుంది. మీరిచ్చిన 140ని 0.80తో హెచ్చవేస్తే 112 సీఐ డాలర్లు. బిల్లు 105.80 సీఐ. మిగిలింది 6.20 సీఐ. మావయ్యగారి చేతిలో పెట్టింది సరిగ్గా అదే, పైసా కూడా తక్కువ కాదు. ఆ 28 డాలర్లు ఎవరూ తీసుకోలేదు. 140కీ 112కీ మధ్య తేడా అది.

ఇక 92 కాస్తా 105.80 ఎలా అయింది? కేమన్‌లో అమ్మకం పన్ను లేదు, అందుకే బిల్లులో పన్ను వరస కనిపించదు. కానీ చాలా హోటళ్లు 15 శాతం గ్రాట్యుటీని, అంటే సర్వర్లకిచ్చే టిప్పుని, తామే కలిపేస్తాయి, కొన్ని చోట్ల 18. 92లో 15 శాతం 13.80. రెండూ కలిపితే 105.80. అమెరికా డాలర్లలో అది 132.25. మీరు ఆ పూట తిన్న భోజనం ఖరీదు అది.

మోసం కాదు సరే, మరి ఆయన ఎలా పొరబడ్డారు అంటే దానికీ కారణం ఉంది. ఆ ఊళ్లో రెండు డాలర్లూ పక్కపక్కనే తిరుగుతాయి, రెండింటికీ గుర్తు ఒకటే. పొద్దున స్టింగ్‌రే చేపల్ని చూపించే స్టింగ్‌రే సిటీ పడవ టికెట్టు అమెరికా డాలర్లలో చెబుతారు. రేవు దగ్గర నగలు, వాచీల దుకాణాల్లోనూ అమెరికా డాలర్లే. మధ్యాహ్నం హోటల్లో కూర్చునేసరికి మెనూ సీఐలో ఉంటుంది, సూపర్‌మార్కెట్‌లోనూ అంతే. పొద్దుటి నుంచి ఒక కొలతకి అలవాటుపడ్డ మనిషికి మధ్యాహ్నం కొలత మారిందని ఎవరూ చెప్పలేదు. ఇందులో మీ మావయ్యగారు సిగ్గుపడాల్సిందేమీ లేదు, కొడుకు ఆయన మీద విసుక్కోవాల్సిందీ లేదు.

ఈసారి మెనూ తెరవకముందే అడగాల్సిన మాట ఒక్కటే: "సీఐనా, యూఎస్సా?" కొన్ని చోట్ల, ముఖ్యంగా రేవు పక్కన, మెనూ అమెరికా డాలర్లలోనే వేస్తారు. కొన్ని చోట్ల రెండు ధరలూ పక్కపక్కన ఉంటాయి. డాలరు గుర్తు ఒక్కటే ఉంటే అది సీఐ అనే అనుకోండి. సీఐ అయితే నోటి లెక్క సులువు. ధరకి దాని పావు వంతు కలిపితే అమెరికా డాలర్లు వస్తాయి. 16కి 4 కలిపితే 20. ఆపైన గ్రాట్యుటీ 15 శాతం. మొత్తం మీద మెనూ ధరకి ఒకటిన్నర రెట్లు అనుకుని కూర్చుంటే, లేచేటప్పుడు కాస్త తక్కువే అవుతుంది తప్ప ఎక్కువ కాదు. ఈ ఒకటిన్నర లెక్క మీ మావయ్యగారికి చెప్పండి, ఆర్డరు ఇచ్చే ముందు ఆయన చేతే కూడించండి.

ఇక్కడ ఇంకొక చోట డబ్బు జారిపోతుంది. గ్రాట్యుటీ కలిపిన బిల్లునే కార్డుతో కడితే, సంతకం చేసే చీటీలో టిప్పు అని మళ్లీ ఒక ఖాళీ గడి ఉంటుంది. అమెరికాలో ఉండేవాళ్లకి అక్కడ 18 శాతం రాసేయడం అలవాటు. మీ బిల్లుకి అలా రాసి ఉంటే ఇంకో 19 సీఐ డాలర్లు పోయేవి. బిల్లు మీద గ్రాట్యుటీ లేదా సర్వీస్ చార్జి అన్న వరస ఉందేమో చూసి, ఉంటే ఆ గడిలో అడ్డగీత గీసేయండి. అది తప్పు కాదు, అక్కడెవరూ ఏమీ అనుకోరు.

ఇప్పుడు భోజనం సంగతి. పులిహోర ఆలోచన ముందు పక్కన పెడదాం, ఎందుకంటే అది కుదరదు. ఇంట్లో వండినదాన్ని గాల్వెస్టన్‌లో ఓడ ఎక్కేటప్పుడే సాధారణంగా లోపలికి రానివ్వరు. సీలు వేసిన బిస్కెట్లు, చిప్స్, చిక్కీ లాంటివి సాధారణంగా ఒప్పుకుంటారు. ఓడలో బఫే నుంచి అరటిపండో, శాండ్‌విచ్చో బ్యాగులో వేసుకుని దిగడం కూడా వద్దు. పళ్లు, కూరగాయలు అనుమతి లేకుండా దీవిలోకి తేకూడదు, ఓడవాళ్లూ తీసుకెళ్లవద్దనే చెబుతారు. కాబట్టి మావయ్యగారి సంచిలో సీలు తీయని చిక్కీ, బిస్కెట్ ప్యాకెట్లు వేసి పంపండి. ఆయన ఆకలికి అడ్డం పడతాయి, ఆయన మాటా కొంత నిలిచినట్టుంటుంది.

మీ వారు చెప్పినట్టు అందరూ ఓడలోనే తింటే ఏమవుతుంది? పైసా ఖర్చు లేదు, అది నిజం. మెయిన్ డైనింగ్ రూమ్ రేవులో ఆగిన రోజు మధ్యాహ్నం చాలా ఓడల్లో తెరవరు గానీ బఫే ఉంటుంది. శాకాహారుల సంగతి ముందురోజు రాత్రే హెడ్ వెయిటర్‌కి చెబితే, పప్పు, కూర, అన్నం అత్తమామలకి ప్రతి రాత్రీ అమరుతుంది. ఇది మొదటి రాత్రే చెప్పండి. కానీ గ్రాండ్ కేమన్‌లో ఒక చిక్కుంది. అక్కడ క్రూయిజ్ ఓడలు ఆగే జెట్టీ లేదు. కట్టాలా వద్దా అని 2025 ఏప్రిల్‌లో ఓటింగు పెడితే జనం వద్దన్నారు. ఓడ సముద్రంలోనే లంగరు వేస్తుంది, చిన్న టెండర్ పడవల్లో ఒడ్డుకి చేరాలి. భోజనానికి ఓడకి వెళ్లి మళ్లీ ఊళ్లోకి వద్దాం అనుకుంటే వరసలో నిలబడటం, పడవలోకి అడుగు వేయడం రోజుకి నాలుగుసార్లు. అలలున్న రోజు ఆ అడుగు మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి చాలా కష్టం. కాబట్టి ఓడ భోజనం అంటే ఆచరణలో ఒంటిగంటకల్లా ఊరు వదిలేయడమే. సెవెన్ మైల్ బీచ్‌లో పిల్లల ఆట సగంలో ఆగిపోతుంది. మీ వారు 'ముందే కట్టాం' అంటున్న డబ్బు మీరు ఓడలో తిన్నా తినకపోయినా పోయినదే. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా, ఈ పూట బయట తినడానికి అయ్యేదెంత, దానికి బదులు దక్కే మధ్యాహ్నం ఎలాంటిది అని మాత్రం చూడమనండి.

నడిమి దారి ఒకటుంది, మీ అత్తయ్యగారి కోరికకి అదే దగ్గరగా ఉంటుందని నాకనిపిస్తోంది. ఓడలో ఆలస్యంగా, కడుపునిండా టిఫిన్ తినండి. ఊళ్లో కూర్చుని భోంచేయకుండా ఆ ఊరి చిరుతిళ్లు రెండు మూడు కొని పంచుకోండి. కసావా కేక్ అడగండి. కర్రపెండలం దుంప తురిమి, కొబ్బరిపాలు, బెల్లం రంగు పంచదార కలిపి కాల్చే బరువైన స్వీటు అది. అక్కడ దాన్ని హెవీ కేక్ అని కూడా అంటారు. మన కొబ్బరి రుచి తగులుతుంది కాబట్టి అత్తయ్యగారికి కొత్త అనిపించదు. కానీ గుడ్డు వేశారా అని అడిగి కొనండి, వంట చేసే మనిషిని బట్టి మారుతుంది. వేయించిన పండు అరటి, అంటే ప్లాంటెయిన్, దాదాపు ప్రతిచోటా ఉంటుంది. వెజిటబుల్ ప్యాటీ కూడా దొరుకుతుంది. దాని పైపొరలో జంతువుల కొవ్వు వేశారా, లోపల మాంసం ముక్కలేమైనా కలిశాయా అని అడగాలి. ఇవన్నీ సూపర్‌మార్కెట్ లేదా బేకరీలో కొంటే గ్రాట్యుటీ అన్న మాటే ఉండదు, రాసి ఉన్న ధరకి పావు కలిపితే చాలు.

మూడో దారి, మళ్లీ హోటల్లోనే కూర్చోవడం. ఈసారి లెక్క వేసుకుని కూర్చోవాలి. అక్కడి ప్లేట్లు పెద్దవి. పోయినసారి నాలుగు తెప్పించారు, ఈసారి పెద్దవాళ్లు నలుగురికీ మూడు చాలు: 48. పిల్లలవి రెండు: 16. కూల్‌డ్రింకులు మానేసి టాప్ వాటర్ అడగండి. ఆ దీవి నీళ్లు సముద్రపు నీటిని శుద్ధి చేసినవి, భయం లేకుండా తాగొచ్చు. ఊరికే "వాటర్" అంటే సీసా తెచ్చి బిల్లులో వేస్తారు, అందుకే టాప్ వాటర్ అనే అడగాలి. మొత్తం 64 సీఐ. పావు కలిపితే 80, దాని మీద 15 శాతం గ్రాట్యుటీ వేస్తే 92 అమెరికా డాలర్లు. పోయినసారి మీ మావయ్యగారు ఎంతవుతుందని అనుకున్నారో సరిగ్గా అంతే. ధరలు చోటుని బట్టి మారతాయి, లెక్క తీరు మాత్రం ఇదే.

రేవుకి ఎదురుగా ఉండే చోట్ల సముద్రం కనిపిస్తుంది కనుక రేటు ఎక్కువ. నాలుగు అడుగులు లోపలికి, ఆఫీసుల వీధుల్లోకి వెళితే ఊళ్లో పనిచేసేవాళ్లు తినే చోట్లు ఉంటాయి. ఇండియన్ భోజనం దొరికే చోట్లూ దీవిలో ఉన్నాయి గానీ, అత్తయ్యగారి కోరిక అది కాదు కదా. ఏ చోటైనా ధరలు మనకి ఎక్కువగానే తోస్తాయి. దీవిలో ఆదాయపు పన్ను లేదు, సర్కారుకి వచ్చే ముఖ్యమైన రాబడుల్లో దిగుమతి సుంకం ఒకటి. కొన్ని నిత్యావసరాలకి మినహాయింపు ఉన్నా, మామూలు సుంకం 22 శాతం. తినేదాంట్లో ఎక్కువ భాగం ఓడల్లో రావాల్సిందే.

శాకాహారులకి అక్కడ 'రైస్ అండ్ బీన్స్' అనగానే నిశ్చింత కలుగుతుంది. కలగకూడదు. కొబ్బరిపాలతో వండుతారు కానీ, రుచి కోసం ఉప్పు పట్టించిన మాంసం ముక్క అందులో వేసి ఉడికించే అలవాటుంది. పైకి ఏమీ కనబడదు. "మాంసం ఉందా" అని అడిగితే లేదనే చెప్పవచ్చు, ఎందుకంటే ముక్క తీసేసి వడ్డించి ఉంటారు. అడగాల్సింది "మాంసం గానీ, చేప గానీ వేసి ఉడికించారా" అని. వేపుళ్లకి "ఇదే నూనెలో కాంక్ ఫ్రిట్టర్లు (సముద్రపు నత్త బజ్జీలు), చేపలు వేయిస్తారా" అని కూడా అడగండి. సూపుల్లో చేపలు ఉడికించిన నీళ్లు (స్టాకు) ఉండొచ్చు. ఈ ప్రశ్నలు ఆర్డరు ఇచ్చేటప్పుడు మీరే అడగండి, పెద్దవాళ్ల చేత అడిగించకండి.

డబ్బు రూపం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మావయ్యగారి కార్డు ప్రశ్న అక్కడే ఉంది.

పోయినసారి అదే 105.80 సీఐ బిల్లుని విదేశీ లావాదేవీ రుసుము లేని మీ అమెరికా క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, అధికారిక విలువకి 127, బ్యాంకు ఒక అమెరికా డాలరుకి 0.82 సీఐ లెక్కన వేస్తే 129 అయ్యేది. నోట్లతో అయింది 132.25. మూడు నుంచి ఐదు డాలర్ల తేడా, అంతే. 3 శాతం రుసుము ఉన్న కార్డయితే ఆ లాభం దాదాపు అక్కడికే సరి. మావయ్యగారి ఇండియా క్రెడిట్ కార్డు మీద మార్కప్, అంటే విదేశీ ఖర్చుకి బ్యాంకు వేసే అదనపు రుసుము, సాధారణంగా బ్యాంకును బట్టి 2 నుంచి 3.5 శాతం ఉంటుంది, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ. 3.5 శాతం ఉన్న కార్డుతో లెక్క వేస్తే మళ్లీ 132 దగ్గరకే వస్తుంది. డాలర్లు నింపిన ఫారెక్స్ కార్డుకీ తేడా పెద్దగా ఉండదు. అది అమెరికా డాలర్ల కార్డు, బిల్లు సీఐ, కాబట్టి మారక రుసుము పడుతుంది. అంటే ఆయన తన కార్డుతో కట్టడం వల్ల ఇంటికి నష్టమేమీ లేదు. ఆ గౌరవం ఆయనకి ఇవ్వడానికి డబ్బు అడ్డం కాదు.

అడ్డం వచ్చేది వేరే. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ వాడకం మొదట ఆపేసి ఉంటుంది, ఖాతాదారే తెరవాలి. 2020లో వచ్చిన రిజర్వ్ బ్యాంకు నిబంధన అది. తెనాలిలో ఉండగానే, సిమ్‌కి మెసేజ్‌లు వస్తుండగానే, యాప్‌లో విదేశీ వాడకం తెరిచి, పరిమితి పెట్టమనండి. ఓడలో ఆ ఓటీపీ కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం జరిగే పని కాదు. హోటల్లో మిషన్‌లో కార్డు పెట్టి పిన్ నొక్కడానికి ఓటీపీ అక్కర్లేదు కాబట్టి పిన్ గుర్తుంటే చాలు. మిషన్ "రూపాయల్లో కడతారా" అని అడిగితే వద్దనాలి. రూపాయలు కనబడగానే మనసుకి హాయిగా ఉంటుంది గానీ ఆ మారకం రేటు మిషన్‌వాళ్లది, మన బ్యాంకు రేటు కన్నా దాదాపు ఎప్పుడూ ఖరీదే. సీఐ నొక్కండి. యూపీఐ అక్కడ పనికిరాదు.

ఇది కాకుండా చేతిలో నోట్లు కూడా ఉండాలి, చిన్నవి. ఆరుగురికి ఒక రోజుకి ఇరవైలు ఐదు, పదులు నాలుగు, ఐదులు ఆరు, ఒకట్లు ఇరవై, మొత్తం 190 సరిపోతాయి. వంద నోటు చిన్న దుకాణాల్లో తీసుకోరు, తీసుకున్నా చిల్లరంతా సీఐలో వస్తుంది. అమెరికా నాణేలు సాధారణంగా తీసుకోరు. చిరిగిన నోట్లు వద్దంటారు. సీఐ డాలర్లు ముందే కొని పెట్టుకోవాల్సిన పనీ లేదు. డబ్బు ఇచ్చేటప్పుడే "చేంజ్ ఇన్ యూఎస్, ప్లీజ్" అనండి. ఉంటే ఇస్తారు, లేకపోతే సీఐ వస్తుంది. అలా వచ్చినదాన్ని ఆ రోజే, ఆ ఊళ్లోనే ఖర్చు పెట్టేయాలి. గాల్వెస్టన్‌లో దాన్ని మార్చడం తలనొప్పి, నాణేలైతే ఎవరూ మార్చరు. పిల్లలకి తాబేలు నాణెం ఒకటి దాచిపెట్టుకోనివ్వండి.

బీచ్‌కి వెళ్లాలంటే ఎడ్వర్డ్ స్ట్రీట్‌లో పబ్లిక్ లైబ్రరీ పక్క నుంచి మినీ బస్సులు వెళతాయి. ట్యాక్సీ కన్నా బాగా చవక, అమెరికా నోట్లు తీసుకుంటారు. డిసెంబరులో కేమన్ గడియారం టెక్సాస్ కన్నా గంట ముందుంటుంది. ఓడ ఏ సమయం పాటిస్తోందో దిగే ముందు తలుపు దగ్గర రాసి ఉంటుంది, మీ చేతి గడియారం దానికే పెట్టుకోండి. చివరి టెండర్ ఓడ కదలడానికి చాలా ముందే వెళ్లిపోతుంది. వరస పెద్దది కాబట్టి దానికీ గంట ముందు రేవులో ఉండండి.

మిగతా రెండు రేవుల్లో చిక్కు వేరు. కోజుమెల్‌లో పెసోకి కూడా డాలరు గుర్తే రాస్తారు, ప్లేటు 200 అంటే కంగారు పడకుండా పెసోలా అని అడగండి. పన్ను ధరలోనే కలిసి ఉంటుంది, టిప్పు మీ ఇష్టం. రిఫ్రైడ్ బీన్స్‌లో (ఉడికించి మెదిపిన చిక్కుడు గింజలు) పంది కొవ్వు వేసే అలవాటుంది, తప్పక అడగండి. జమైకాలో 15 శాతం జీసీటీ (అక్కడి అమ్మకం పన్ను), చాలా చోట్ల ఆపైన 10 శాతం సర్వీస్. అక్కడ ఐటల్ వంట అడిగితే అత్తమామలకి దిగులుండదు. జమైకాలో పుట్టిన రస్తాఫారీ మతంవాళ్లు మాంసం లేకుండా వండుకునే తిండి అది.

తండ్రీకొడుకుల సంగతికి వస్తాను. పాత బిల్లు గానీ, ఫోనులో దాని ఫొటో గానీ ఉంటే వెతకండి. మావయ్యగారి దగ్గర మీరు కాదు, మీ వారే కూర్చోవాలి. మీరు చెబితే అది కోడలు కొడుకుని వెనకేసుకురావడంలా వినబడుతుంది. 140ని 0.80తో ఆయన చేతే హెచ్చవేయించి, 112 వచ్చాక, "మీ కూడిక తప్పు కాదు నాన్నా, డాలరు వేరు. ఆ రోజు నాకూ తెలియదు, తెలియకుండానే మిమ్మల్ని లేవమన్నాను" అని ఆయన చెబితే చాలు. చివరి మాట ముఖ్యం. మావయ్యగారు రెండేళ్లుగా మోస్తున్నది 28 డాలర్లని కాదేమో, ఆ 'లేవండి'ని అని నాకనిపిస్తోంది. మీ వారు ఆ మాట అనడానికి ఒప్పుకోకపోతే బలవంతం చేయకండి. ఆ పక్షంలో లెక్క మాత్రం మీరు పిల్లలకి చెబుతున్నట్టుగా ఆయన వినేలా చెప్పండి. గాయం పూర్తిగా మానదు గానీ మోసపోయానన్న బాధ పోతుంది.

దిగాలా వద్దా అన్నది ఆయనకే వదిలేయండి. దిగనంటే అత్తయ్యగారితో మీరూ పిల్లలూ దిగి, కసావా కేక్ ఆ ఊళ్లోనే ముచ్చటగా తిని రండి. ఓడలోకి తేవడానికి తిప్పలు పడొద్దు. దిగుతానంటే 190 డాలర్ల నోట్లూ ఉదయమే ఆయన జేబులో పెట్టండి. కార్డుతో కడతారో, నోట్లతో కడతారో ఆయన ఇష్టం. సర్వర్ వచ్చినప్పుడు "సీఐనా, యూఎస్సా" అని అడిగే పని కూడా ఆయనకే అప్పగించండి.